మూతికి కట్టిన రుమాలు

ఊపిరితిత్తుల డాక్టరు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మూడోసారి చదివాడు. ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న మనిషికి నలభై రెండేళ్లు. మెట్లెక్కి వచ్చి పావుగంటైనా ఇంకా ఆయాసం తీరలేదు. ఆయాసం మాటెలా ఉన్నా మొహంలో గర్వం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ కాగితం కింద ఉన్న సంతకం వాళ్ల అక్కది మరి. ఆ అక్క పక్క కుర్చీలోనే ఉంది, భూమి నోరు తెరిస్తే దిగిపోదామన్నట్టు.

"మీరు పనిచేసే గదిలో, గాలిలో పొడి లేదని ఉందండీ ఇందులో," అన్నాడు డాక్టరు.

"అవునండీ. మా అక్కే కొలిచింది," అన్నాడు తమ్ముడు.

డాక్టరు అక్క వంక చూశాడు. అక్క బల్ల మీదున్న పెన్ను వంక చూసింది.

"మరి ఈ మచ్చలెక్కడివి?" డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకి పెట్టాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ కింది భాగమంతా గీతలు, గీతల మధ్య తెల్లటి మసక. "సిగరెట్లు తాగుతారా?"

"టీ తప్ప ఏ అలవాటూ లేదండీ."

"ఇంట్లో పావురాలు, పిట్టలు?"

"మేమే ఇరుగ్గా ఉంటామండీ."

డాక్టరు నవ్వలేదు. "చూడండి, జబ్బు నాకు కనబడుతోంది. అది మీ పని వల్ల వచ్చిందని నా మనసు చెబుతోంది. కానీ పనివల్ల వచ్చే జబ్బుల సంగతి తేల్చే బోర్డు నా మనసును ఒప్పుకోదు. పనిలో ఫలానాది ఇంత పీల్చాడు అని ఒక కాగితం కావాలి. ఉన్న ఒక్క కాగితం ఏమీ లేదంటోంది. కారణం తెలియదు అని రాయడం తప్ప నేనేం చేయను?"

పని వల్ల అని రాస్తే వైద్యం ఫ్యాక్టరీయే చూసుకోవాలి. అంతకంటే పెద్ద సంగతి, ఆ గదిలో ఉన్న మిగతా పదహారు మందికీ పరీక్షలు చేయాలి, పొడిని లాగేసే గొట్టాలు బిగించాలి. కారణం తెలియదు అని రాస్తే ఇవేవీ ఉండవు. తమ్ముడు దగ్గుకుంటూ ఇంట్లో కూర్చుంటాడు, వాడి చోటికి ఇంకొకడొచ్చి ఆ పొడి సంచి విప్పుతాడు. అంతా ఆ ఒక్క మాట మీద ఆగి ఉంది. ఆ మాటకు అడ్డం పడింది మరెవరో అయితే అక్క వాళ్లను కడిగిపారేసి ఉండేది. అడ్డం పడింది తనే.

ఇక్కడ అక్క ఉద్యోగం గురించి చెప్పాలి. ఆవిడ పని గాలిని కొలవడం. ఫ్యాక్టరీల్లో మనుషులు ఏం పీలుస్తున్నారో, ఎంత పీలుస్తున్నారో, దానివల్ల వాళ్ల ఆరోగ్యానికి ఎంత ముప్పో లెక్కగట్టి కాగితం మీద పెట్టడం. చుట్టాల్లో ఎవరికీ ఇది ఉద్యోగంలా అనిపించలేదు. "గాలిని కొలిచేదేమిటి, గాలి కబుర్లు కాకపోతే," అని నవ్వేవాళ్లు. ఆఫీసులో ఆవిడకు గాలి మేడమ్ అని పేరు. నవ్వనివాడు తమ్ముడొక్కడే. వాడికి అక్క అంటే చిన్నప్పట్నుంచీ గురి. అక్క చెప్పిందంటే అంతే, ఇంక దానికి తిరుగులేదు.

వాడు పనిచేసేది మరక అంటని రంగు తయారుచేసే ఫ్యాక్టరీలో. ఆ రంగు గోడకు వేస్తే దుమ్ము నిలవదు, చెయ్యి ఆనిస్తే మరక పడదు. ఆ గొప్పంతా అందులో కలిపే తెల్లటి పొడిది. నానో పొడి అని సంచుల మీద అచ్చేసి ఉంటుంది. పనివాళ్లు మాత్రం దాన్ని మబ్బు అనేవాళ్లు. దిండంత సంచి ఎత్తితే దిండంత బరువైనా ఉండదు. మూతి విప్పగానే లేచి తేలుతుంది, కాసేపటికి కంటికి కనబడకుండా పోతుంది. కనబడలేదు కదా, పోయిందనుకునేవాళ్లు. పోయేది కాదది. వాళ్ల ముక్కుల్లోకే పోయేది.

దాని రేణువు వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఒక సన్నటి ఇసుక రేణువును తీసుకుని వంద కోట్ల ముక్కలు చేశారనుకోండి. త్రాసుకు రెండూ ఒకటే, ఊపిరితిత్తికి కాదు. ఇసుక రేణువు ముక్కు దాటదు, ఈ ముక్కలు మనిషి లోపల ఇంక దారి లేని చోటిదాకా వెళ్లి కూర్చుంటాయి. ఈ సంగతి అక్కకు తెలుసు, అక్క పై అధికారికి తెలుసు, పుస్తకాలకూ తెలుసు. అయినా రూలు మాత్రం పాత రాళ్లపొడి రోజుల్లోది. గాలిలో ఎంత బరువుందో చూడమంటుంది, ఎన్ని రేణువులున్నాయో చూడమనదు. అందుకని గాలి మేడమ్‌లందరూ బరువే చూస్తారు. తూచడానికి దొరకనిదాన్ని తూచి, దొరకలేదని రాసి, చేతులు దులుపుకుంటారు.

మూడేళ్ల కిందట ఆ ఫ్యాక్టరీ కొలత అక్క ఆఫీసుకే వచ్చింది. సొంతవాళ్లు పనిచేసే చోట కొలవకూడదని నియమం. అక్క తమ్ముడి మాట పైకి చెప్పలేదు. ఎవరో మొక్కుబడిగా కొలిచే బదులు నేనే పద్ధతిగా కొలుస్తాను, లోపలున్నది నా తమ్ముడు కదా అనుకుంది. మంచి ఉద్దేశమే. మంచి ఉద్దేశంతో చేసిన తప్పును సరిదిద్దడం ఎంత కష్టమో ఆవిడకప్పుడు తెలియదు.

కొలిచే పద్ధతి ఇది. చిన్న పంపు ఒకటి నడుముకు కట్టుకోవాలి. దాన్నుంచి గొట్టం భుజం మీదుగా వచ్చి చొక్కా కాలరు దగ్గర ఆగుతుంది. గొట్టం చివర డబ్బీ, డబ్బీలో తెల్లటి వడపోత కాగితం. ముక్కుకు జానెడు దూరంలో ఉండి, మనిషి పీల్చే గాలినే అదీ పీలుస్తుంది. ఎనిమిది గంటలయ్యాక ఆ కాగితాన్ని తూస్తే ఎంత పొడి పట్టిందో తెలుస్తుంది. పదిహేడు మందిలో ఎవరికి కట్టాలన్నప్పుడు అక్క తమ్ముడిని పిలిచింది. మిగతావాళ్లు దాన్ని ఎక్కడో విప్పి పడేస్తారని భయం. మనవాడైతే చూసుకుంటాడు.

కట్టేటప్పుడు వాడి కాలరు సర్దుతూ అంది: "మూతి జాగ్రత్తరా. దానికేమైనా అయితే నా తల తీసేస్తారు."

ఆ తర్వాత రెండు గంటలకోసారి లోపలికి వెళ్లి చూడాలి. అక్క మొదటిసారి వెళ్లింది. రెండోసారికి సేఫ్టీ ఆఫీసరు టీ తెప్పించాడు. అతను మాటకారి, నిమిషానికోసారి "మీలాంటివాళ్లు చెబితేనే మాకు తెలిసేది మేడమ్" అనే మనిషి. పైగా తను తరచూ వెళ్లి తమ్ముడి దగ్గర నిలబడితే చుట్టరికం బయటపడుతుందని అక్కకు బెరుకు. అలా మధ్యాహ్నం దాటిపోయింది.

కాగితం తూస్తే ముందెంతుందో తర్వాతా అంతే. త్రాసు కిక్కురుమనలేదు. అక్క నలభై పేజీల రిపోర్టు రాసి, ముప్పై ఒకటో పేజీలో "ఈ పద్ధతిలో గుర్తించగల స్థాయిలో పొడి కనబడలేదు" అని రాసింది. తప్పు మాట కాదది. నలభై పేజీలు గోడకు అంటించలేం కదా అని సేఫ్టీ ఆఫీసరు ఒక్క పేజీ తయారుచేసి తెచ్చాడు. అందులో "గాలిలో పొడి లేదు" అని ఉంది. కనబడలేదు అన్న మాటలో ముందు సగం ఎగిరిపోయింది, అంతే. అక్క చూసింది. ఒక క్షణం పెన్ను ఆగింది కూడా. పేజీలో చోటు సరిపోలేదని అతను బుర్ర గోక్కున్నాడు. అక్క సంతకం చేసింది.

నెల తిరక్కుండానే ఆ గదిలో మాస్కులివ్వడం మానేశారు. పొడి లేని చోట మాస్కు దేనికి? మనుషులు గొణిగారు. అప్పుడు తమ్ముడే అందరికీ నచ్చజెప్పాడు: "మా అక్క కొలిచింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. మాస్కులో ఉక్కపోత తప్ప ఏముంది, తీసేయండి." వాళ్లు తీసేశారు. ఇది అక్కకు డాక్టరు గదిలోనే, వాడు గొప్పగా చెబుతుంటే తెలిసింది.

సాయంత్రం తమ్ముడింట్లో అక్కాతమ్ముళ్లు కూర్చున్నారు. ముందు గదిలో కిటికీ పక్కన మంచం, ఎత్తుగా మూడు దిండ్లు. వెల్లకిలా పడుకుంటే వాడికి ఊపిరి సలపదు. మరదలు టీ గ్లాసులు పెట్టి గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

అక్క సంచిలోంచి పాత లెక్కల కాగితాలు తీసింది. పంపు తన లోపల తనే ఒక చిట్టా రాసుకుంటుంది, ఎంత బలంగా పీల్చాల్సి వచ్చిందో. ఆ రోజు ఉదయం పదింటి నుంచీ అది మామూలుకంటే చాలా కష్టపడి పీల్చింది. అప్పుడు అక్క ఆ అంకె చూసి, గొట్టం ఎక్కడో మడత పడి ఉంటుందిలే అనుకుని వదిలేసింది. డాక్టరు గదిలోంచి వచ్చినప్పట్నుంచీ ఆ అంకె ఆవిడ కళ్ల ముందే ఉంది.

"ఒరే, ఆ రోజు పంపు గొట్టం ఎక్కడైనా నలిగిందా?"

"లేదక్కా. కంటికి రెప్పలా చూసుకున్నా."

"మరి డబ్బీ ఎక్కడైనా గోడకు ఆనిందా? దానికేదైనా అడ్డం వచ్చిందా?"

"అడ్డం ఎందుకొస్తుంది, నేనుండగా." తమ్ముడు నవ్వి, ఆ నవ్వు దగ్గైతే ఆగి, మళ్లీ అందుకున్నాడు. "నువ్వు మూతి జాగ్రత్త అన్నావు కదా. పదింటికి నువ్వొచ్చి చూసి వెళ్లాక మొదటి సంచి విప్పానో లేదో మబ్బంతా వచ్చి దానిమీద పడబోయింది. ఖరీదైన మిషను, మూతి పూడుకుపోతే నీ తల తీసేస్తారు. అందుకని రుమాలు మడతపెట్టి చుట్టా. సాయంత్రం నువ్వొచ్చే ముందు విప్పేశా. ఎంత శుభ్రంగా ఉందో నువ్వే మెచ్చుకున్నావు కదక్కా, గుర్తులేదూ?"

అక్కకు గుర్తుంది. "బాగా చూసుకున్నావురా" అని వాడి భుజం తట్టింది.

తమ్ముడు అక్క మొహం చూశాడు, పెళ్లాం మొహం చూశాడు. నెమ్మదిగా వాడికీ అర్థమైంది. వాడు తెలివితక్కువవాడు కాదు, అక్క మాట జవదాటనివాడు, అంతే.

"అయితే... నేను చుట్టబట్టే పొడి లేదని వచ్చిందా?"

"నీ వల్ల కాదురా," అంది అక్క. ఆ మాట ఆవిడకే గాలి మాటలా వినిపించింది.

"ఆ రుమాలు ఉందా?" అని మరదలిని అడిగింది. ఉంటే అదే సాక్ష్యం. రిపోర్టులో లేనిదంతా ఆ రుమాలులో ఉంటుంది.

"నీలం గళ్ల రుమాలు కదా వదినా. ఆ రోజే ఉతికేశాను," అంది మరదలు. "బాగా పొడి పట్టి ఉంటే వాకిట్లో నాలుగు దులుపులు దులిపి ఉతికాను. ఆయన బట్టలన్నీ అంతేగా, దులపకుండా ఉతికితే నీళ్లు తెల్లగా అయిపోతాయి."

అక్క టీ గ్లాసు తీసుకుని మళ్లీ పెట్టేసింది. కొలతకు అందనిది తమ్ముడి రుమాలులో ఉంది, ఆ రుమాలును మరదలు తన ముక్కు ముందే నాలుగుసార్లు దులిపింది. ఆ ఒక్క రోజే కాదు, రోజూ. అక్కకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వాళ్లు తనను ఓదారుస్తారు, అది మరీ అన్యాయంగా ఉంటుందని మింగేసుకుంది.

మర్నాడు ఆఫీసులో పెద్దాయన గదికి వెళ్లి, ఆ రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానంది. పెద్దాయన ముక్కున వేలేసుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో అక్కడ ఒక్క రిపోర్టు వెనక్కి రాలేదు. గాలి మారింది గానీ రిపోర్టు మారలేదు.

"సరే, కారణం ఏమని రాస్తావమ్మా? ఫారంలో మూడు గడులున్నాయి," అన్నాడు. యంత్రలోపం, కొలిచేవారి లోపం, కార్మికుడి జోక్యం. "నన్నడిగితే మూడోది రాయి. జరిగిందదే కదా. నీకూ మాటరాదు, ఆఫీసుకూ మాటరాదు."

"మా తమ్ముడికి వస్తుంది."

"వాడు చేసిందేగా."

"నేను చెప్పింది చేశాడు. నేను వెళ్లి చూడాల్సిన టైములో వెళ్లి చూడలేదు. పంపు మొత్తుకుంటుంటే వినలేదు. లేదని రాసిన కాగితం మీద తెలిసి సంతకం పెట్టాను. తమ్ముడున్నాడన్న సంగతి దాచాను. ఇన్ని చేసిన నన్ను వదిలేసి, రుమాలు కట్టినవాడి మీద రాయమంటారా?"

పెద్దాయన ఫారం ఆవిడ వైపు జరిపాడు. కార్మికుడే మూతి కట్టేశాడని కాగితం మీద పడితే ఫ్యాక్టరీ దాన్ని పట్టుకుని ఊరుకోదని ఆయనకూ తెలుసు. అక్క రెండో గడిలో టిక్కు పెట్టి, కింద చోటు చాలక వెనక వైపు కూడా రాసి సంతకం చేసింది. ఈసారి పెన్ను ఆగలేదు.

దాంతో ఆవిడ గాలి కొలిచే హక్కు పోయింది. నీళ్ల పరీక్షల విభాగంలో సీసాలకు చీటీలు అంటించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆఫీసులో పేరు కూడా మారింది, నీళ్ల మేడమ్ అని. ఆవిడ పట్టించుకోలేదు. అనుకున్నది ఒకటి జరిగింది మరి. బోర్డు మళ్లీ కొలవమంది. ఈసారి బరువు కాదు, రేణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే మిషనుతో కొలవమంది. ఆ మిషను కోసం అక్క తిరగని ఆఫీసు లేదు, బతిమాలని మనిషి లేడు. ఫ్యాక్టరీ ఒక్క రోజుకు, ఒకే ఒక్కసారికి ఒప్పుకుంది. కొలవడానికి ఆఫీసులోనే ఇంకో ఉద్యోగి, బక్కపల్చటి మనిషి, వెళ్లాడు. అందరూ బక్కాయన అంటారు. నిక్కచ్చి మనిషి, రూలుకు అటూ ఇటూ వెంట్రుకవాసి జరగడు.

వారం ముందు అక్క గేటు బయట ఆ గది మనుషులను కలిసింది. వాళ్లకు పెద్ద ఒక మేస్త్రి. అరవైకి దగ్గరపడ్డవాడు, నోరు మంచిది.

"ఈసారి దేని మూతీ కట్టకండి. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి," అని చెప్పింది అక్క.

"మిషన్‌లో పొడి కనబడితే మీ తమ్ముడికి మంచిదేనా మేడమ్?" అన్నాడు మేస్త్రి.

"ఉన్నదున్నట్టు కనబడితే మంచిదే."

మేస్త్రి తలూపాడు. మిగతావాళ్లూ ఊపారు. తమ్ముడంటే ఆ గదిలో అందరికీ ప్రాణం. వాడి చోట ఇంకొకరిని పెట్టబోతే, వాడు తిరిగొచ్చేదాకా మేమే పంచుకుని చేస్తామన్నారు.

కొలత రోజున అక్క సెలవు పెట్టి గేటు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడింది. లోపలికి రానివ్వరు. నాలుగు టీలు తాగింది. ఐదింటికి గేటు తెరుచుకుని మనుషులు బయటికొచ్చారు. ముందు మేస్త్రి. ఆయన్ను అక్క వెంటనే గుర్తుపట్టలేదు. తల తెల్లగా ఉంది, కనుబొమలు తెల్లగా ఉన్నాయి, కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి. వెనక వస్తున్న పదిహేను మందీ అలాగే ఉన్నారు. అందరి మొహాల్లోనూ పెళ్లి పనులు చేసొచ్చినవాళ్ల సంతోషం.

"మీ తమ్ముడి పని అయిపోయింది మేడమ్, ఇంక నిశ్చింతగా ఉండండి," అన్నాడు మేస్త్రి. "మీ మిషను ఎటు ఉంటే అటు సంచులు దులిపాం. రోజుకు ముప్పై విప్పుతాం, ఈ రోజు తొంభై విప్పాం. ఖాళీ సంచులు కూడా దాని మూతి దగ్గరికి తీసుకెళ్లి చరిచాం. ఈసారి కనబడకపోతే నన్నడగండి."

అక్క వాళ్ల మొహాల వంక చూసింది. "మాస్కులు..." అంది.

"పొద్దున్నే ఆఫీసరు తెచ్చి పంచాడు, మూడేళ్లకు గుర్తొచ్చాయి. మేం ఒకటనుకుని తీసేశాం. మాస్కులేసుకుని కనబడితే, వీళ్లకు పొడి పోవడం లేదులే అనుకుంటారు కదా." అని మేస్త్రి దగ్గాడు. దగ్గి, చేతి వెనకవైపుతో మూతి తుడుచుకున్నాడు. మూతి చుట్టూ ఎర్రటి చర్మం బయటపడింది.

ఎవరిని ఏమనాలి? నా తమ్ముడి కోసం ఇంతమంది ఊపిరి పణం పెట్టమని ఎవరు అడిగారని అరవాలనిపించింది. అడిగింది తనే కదా, కనబడితే మంచిదే అన్నది తనే కదా. అక్క వాళ్లకు దండం పెట్టి, టీ కొట్టు దగ్గర బకెట్లో నీళ్లు తీసుకుని మేస్త్రి చేతుల మీద పోసింది. తలా ఇంత పోసింది. వాళ్లు మొహమాటపడుతూనే కడుక్కున్నారు.

చివర్లో బక్కాయన పెట్టె పట్టుకుని వచ్చాడు. అక్కను చూసి ఆగాడు.

"అద్దం అవతల కూర్చుని చూశాను. పనిలో కల్పించుకోకూడదు కదా. వాళ్ల మామూలు పని ఎలా ఉంటుందో నాకేం తెలుసు? ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను," అన్నాడు నేల చూస్తూ.

"ఎంత వచ్చింది?"

"రాలేదు. మిషన్‌కు పై హద్దు ఉంటుంది, నీకు తెలియనిదేముంది. ఒక హద్దు దాటితే రేణువులు గుంపులుగా దూసుకెళ్తాయి, ఏది ఎన్నో దానికి తెలియదు. పదింటికే దాటింది. సాయంత్రందాకా దిగలేదు. రోజంతా తెర మీద గీతలే."

ఆ మాట వినగానే అక్కకు నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదు. మొదటిసారి మరీ తక్కువై దొరకలేదు, రెండోసారి మరీ ఎక్కువై దొరకలేదు. రెండుసార్లూ కారణం ఒక్కటే, ప్రేమ. ప్రేమకు రిపోర్టు ఫారంలో గడి లేదు.

బక్కాయన రూలు ప్రకారమే రాశాడు. "నమూనా చెల్లదు. నమ్మదగిన కొలత దొరకలేదు." బోర్డు ఆ కాగితాన్ని డాక్టరుకు పంపింది. డాక్టరు అక్కను పిలిపించి, తనే కుర్చీ జరిపి కూర్చోబెట్టి, తమ్ముడి ఫైలులో "కారణం తెలియదు" అని రాసి చూపించాడు. మళ్లీ కొలవమని అడగడానికి ఫ్యాక్టరీ ఒప్పుకున్న ఒక్కసారి అయిపోయింది.

పది రోజులకు మేస్త్రి ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం లేదు. గది బయట నోటీసు బోర్డు మీద కొత్త కాగితం పెట్టారట. పాతదాని పక్కనే, అదే సైజులో.

"ఏమనుందో చదవండి," అంది అక్క.

"రెండోసారి పరీక్షలో కూడా ఏమీ దొరకలేదు అని ఉంది మేడమ్." చదివి అడిగాడు, "అంత దులిపాం కదా. దొరకలేదంటారేంటి?"

అక్క ఏదో చెప్పబోయింది. మధ్యలో మేస్త్రికి దగ్గు తెర వచ్చింది. ఆవిడ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అది తగ్గేదాకా విన్నది. చాలాసేపు తగ్గలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్క తమ్ముడింటికి వెళ్లింది. వాడికి ఆక్సిజన్ మిషను పెట్టి అప్పటికి నాలుగు రోజులు. గదిలో గాలిని లాగి, జల్లించి, ప్రాణవాయువును సన్నటి గొట్టంలోంచి ముక్కుకు అందిస్తుంది. మంచం పక్కన స్టూలు మీద గురగురమంటోంది. ఆ చప్పుడు అక్క పంపు చప్పుడులాగే ఉంది, కాస్త పెద్దది, అంతే.

"వాళ్ల మీద కోపం తెచ్చుకోకక్కా," అన్నాడు తమ్ముడు. మాటకు మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "నా కోసమే చేశారు."

"నాకెవరి మీదా కోపం లేదురా."

"నీ మీద?"

అక్క వాడి దుప్పటి సర్దింది. వాడు కళ్లు మూసుకున్నాడు. "పొద్దుటి నుంచీ అంతే వదినా, మిషను పెట్టినా ఆయాసం తగ్గడం లేదు, నిన్నటికంటే ఎక్కువైంది," అంది మరదలు. అక్క లేచి మిషను దగ్గరికి వెళ్లి వంగి చూసింది. గాలి తీసుకునే జాలీ వెనకవైపు ఉంటుంది. ఆ జాలీ కనబడలేదు. దాని మీద ఉతికి ఇస్త్రీ చేసిన రుమాలు ఒకటి నాలుగు మడతలు పెట్టి, జారిపోకుండా దారంతో కట్టి ఉంది. నీలం గళ్లది.

"నేనే కట్టాను వదినా," అంది మరదలు. "డాక్టరుగారు జాగ్రత్తగా చూసుకోమన్నారు కదా. దుమ్ము పడుతుందేమోనని."

అక్క ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయి ఉంది. పళ్లతో కొరికి దారం తెంపి, రుమాలు తీసి గుప్పిట్లో పెట్టుకుంది. మిషను చప్పుడు మారింది. తమ్ముడి ఛాతీ కాస్త పైకి లేచింది.